మెర్విన్ పుట్టించిన మోకాలి నొప్పి

మెర్విన్ థోర్సన్ మంచివాడా కాదా అనేది మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నన్నడిగితే, అబద్ధమాడటం వృత్తిలో భాగంగా నేర్చుకున్న మనిషి, అంతే. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా అదే నేర్చుకున్నారు. వాళ్ళలో కాస్త బాగా నేర్చుకున్నవాడు మెర్విన్.

బ్రాంబుల్ లేక్ రింకులో కాఫీ కౌంటరు నాది. సెప్టెంబరులో మంచు వేసిన దగ్గర్నుంచి ఏప్రిల్లో కరిగించేదాకా నేను అక్కడే ఉంటాను. మా ఊరి కుర్రాళ్ళ ఐస్ హాకీ జట్టు ఆడుతున్నప్పుడు పెద్ద జట్ల స్కౌట్లు వస్తారు. ఊరూరా తిరిగి, పదహారు పదిహేడేళ్ళ పిల్లల ఆట చూసి, రేపు వీళ్ళలో ఎవడు పనికొస్తాడో తమ జట్టుకు చెప్పటం వాళ్ళ పని. పై వరసలో, హీటరు అందని మూల కూర్చుంటారు. ఎంత గొప్ప గోల్ పడినా చప్పట్లు కొట్టరు. విరామంలో నా కౌంటరు చుట్టూ మూగి, నచ్చిన కుర్రాడిని తిడతారు, నచ్చనివాడిని ఆకాశానికెత్తుతారు. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని అందరికీ తెలుసు. అయినా ప్రతి శనివారం అదే తంతు. నా కౌంటరు మీద ఇన్నేళ్ళలో ఎన్ని కాఫీలు ఒలికాయో గానీ నిజం మాత్రం ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

మెర్విన్ ఈ చుట్టుపక్కల పొలాల్లో పుట్టినవాడే. వయసులో ఉండగా డిఫెన్స్ ఆడాడు. ముందు పళ్ళు ఆ ఆటలోనే పోగొట్టుకున్నాడు. తర్వాత గోధుమ గిడ్డంగిలో లారీలు తూచేవాడు. ఎవరో పిలిచి నార్తర్నర్స్ జట్టుకు స్కౌటుగా పెట్టారు. అప్పట్నుంచీ చలికాలమంతా కారులోనే కాపురం. భార్య ఆర్డిస్‌ని ఎవరైనా "మీ ఆయన లేకుండా ఒక్కదానివే ఎలా ఉంటావమ్మా?" అంటే, "ఉన్నప్పుడు మాత్రం ఏం మాట్లాడతాడని?" అనేది. ఆమె మాట నిజమే. మెర్విన్ నోరు తెరిస్తే ఏదో పని మీదే తెరిచేవాడు.

ఆ రోజుల్లో నార్తర్నర్స్ పరిస్థితి ఏం చెప్పమంటారు! వరసగా ఓటములు. సొంత ఊళ్ళోనే జనం జట్టు చొక్కాలు విప్పి మంచు మీదకి విసిరేసేవాళ్ళు. కొత్తగా వచ్చిన మేనేజరు ఫెయిర్‌లీ జట్టును పునాదుల్నుంచి కట్టాలన్నాడు. కట్టడం అంటే ముందు కూల్చడమే కదా. కెప్టెన్‌ని అమ్మేశాడు. గోల్ కీపర్ని ఇచ్చేశాడు. పేరున్న ప్రతివాడినీ వేరే జట్లకు ఇచ్చి, బదులుగా రాబోయే డ్రాఫ్టుల్లో వాళ్ళ వంతులు తీసుకున్నాడు. జూన్‌లో జరిగే ఆ డ్రాఫ్టులో జట్లన్నీ వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. మొత్తం ఏడు వంతులు, ప్రతి వంతులోనూ జట్టుకో కుర్రాడు, అందరికంటే అధ్వాన్నంగా ఓడినవాళ్ళు ముందు ఎంచుకుంటారు. "రెండు మూడేళ్ళు ఓర్చుకోండి" అని ఫెయిర్‌లీ టీవీలో చెప్పాడు. మా నాన్న ఆ రోజు టీవీ వైపు చెప్పు విసిరాడు.

మొదటి వంతులో వచ్చే కుర్రాడి సంగతి ఎవరైనా చెప్పగలరు. వాడి ఫొటో అప్పటికే పేపర్లలో ఉంటుంది. జట్టు నిలబడేది మూడో వంతు, నాలుగో వంతుల్లో దొరికే మట్టిలో మాణిక్యాలతో. వాళ్ళను వెతికి పెట్టడానికే మెర్విన్ లాంటివాళ్ళు.

ఆ అక్టోబరులో మెర్విన్‌కి కోడీ ఓస్టాపిక్ కనిపించాడు. మా ఊరికి తూర్పున కనోలా నూనెగింజలు పండించే ఓస్టాపిక్‌ల రెండో కొడుకు. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే సిగ్గుపడిపోయే పిల్లాడు. ఆటలో మాత్రం సిగ్గు లేదు. పక్, అదే ఆటలో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ, ఎక్కడికి వెళ్తుందో అది వెళ్ళకముందే వాడక్కడ ఉండేవాడు. మూడోసారి వాడి ఆట చూసినప్పుడు, సరిగ్గా వాడు మంచు మీద ఉండగా, మెర్విన్ లేచి పాప్‌కార్న్ కొనడానికి నా దగ్గరికి వచ్చాడు. మెర్విన్ పాప్‌కార్న్ తినడు, కట్టుడు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుందని. నచ్చిన కుర్రాడి మీద కన్ను ఆనించి ఉంచితే పక్కవాళ్ళు పసిగడతారని అలా లేచి వస్తాడు. అది నాకు తెలుసని అతనికి తెలీదు.

ఇబ్బంది ఏమిటంటే, డిసెంబరు నాటికి ఇతర స్కౌట్లు కూడా కోడీ వైపు మళ్ళీ మళ్ళీ చూడటం మొదలుపెట్టారు. ముఖ్యంగా క్లిఫ్ వార్నర్. క్లిఫ్ తూర్పు తీరంలోని ఒక జట్టు మనిషి, మెర్విన్‌కి పాతికేళ్ళ స్నేహితుడు, పాతికేళ్ళ శత్రువు కూడా. వాడి చూపు పడితే కోడీ రెండో వంతులోనే ఎగిరిపోతాడు. నార్తర్నర్స్‌కి ఆ ఏడు రెండో వంతు లేదు, ఫెయిర్‌లీ దాన్ని అప్పటికే ఇంకో బేరంలో ఎవరికో ఇచ్చేశాడు.

కోడీని నోటితో తిడితే క్లిఫ్ నమ్మడు. అందుకని మెర్విన్ తిట్టలేదు. ఒక శనివారం ఆట అయ్యాక, క్లిఫ్ కాఫీ కలుపుకుంటుండగా, మెర్విన్ కౌంటరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి నన్నడిగాడు.

"డోరీన్, ఓ సంచీలో ఐసు ముక్కలు వేసివ్వు."

"ఎందుకు? మళ్ళీ నడుము పట్టేసిందా?"

"నాక్కాదులే. ఓస్టాపిక్ పిల్లాడి మోకాలికి. కోచ్ అడిగాడు. ఎవరితో అనకు."

ఆ చివరి మాటే అసలు దెబ్బ. క్లిఫ్ చెంచా తిప్పటం ఆగిపోవడం నేను చూశాను. ఐసు సంచీ తీసుకెళ్ళి మెర్విన్ తన కారు వెనకాల పారబోశాడట. ఈ సంగతి చాలా కాలం తర్వాత అతనే చెప్పాడు. ఆ రోజు నాకు మాత్రం పాపం పిల్లాడికి మోకాలు నొప్పి అనే అనిపించింది.

మాట నడిచింది. క్రిస్మస్ నాటికి కోడీకి మోకాలి చిప్ప పగిలిందన్నారు. జనవరిలో, చిన్నప్పుడే రహస్యంగా ఆపరేషన్ అయిందన్నారు. ఫిబ్రవరిలో, అది తండ్రి వైపు వంశంలోనే ఉందన్నారు. కోడీ వాళ్ళ తాతయ్య ట్రాక్టరు కింద పడి కుంటివాడైతే, అదీ ఇందులో కలిపారు. ఆటకి ముందు ఒక స్కౌటు కోడీని పక్కకి పిలిచి, "ఏరా, కాలు ఎలా ఉంది?" అంటే, వాడు తెల్లబోయి, "ఏ కాలు?" అన్నాడు. దాచడంలో గట్టివాడు అని రాసుకున్నారు. వాళ్ళమ్మ నదీన్ మా ఊరి డాక్టరు చేత కాగితం రాయించి తెచ్చింది. ఊరి డాక్టరు ఊరి పిల్లాడి గురించి ఇంకెలా రాస్తాడు అన్నారు. చివరికి ఒక రోజు కోడీ నా కౌంటరు ముందే, ఇద్దరు స్కౌట్ల ఎదుట, నొప్పి అంటున్న ఎడమకాలి ఒక్కదాని మీదే గెంతి చూపించాడు. "నాకేం లేదండీ. నిజంగా ఏం లేదు" అంటూ. వాళ్ళు కాఫీ కప్పుల చాటున నవ్వుకున్నారు. పిల్లాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. నాకు వాళ్ళిద్దరి మొహాన కాఫీ పోయాలనిపించింది.

మెర్విన్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. పథకం పారుతోందని సంతోషించాడు కూడా. చిత్రమేమిటంటే, మార్చిలో ఒక ఆటలో కోడీ పడి లేవడం కాస్త ఆలస్యమైతే మెర్విన్ గుండె ఆగినంత పనైందట. "ఒక్క క్షణం నేనే నమ్మేశాను డోరీన్. నేను కల్పించిందేనన్న సంగతే మర్చిపోయాను" అని తర్వాత నాతో అన్నాడు.

జూన్‌లో డ్రాఫ్టుకి ముందు ఫెయిర్‌లీ తన స్కౌట్లందరినీ కూర్చోబెట్టాడు. మూడో వంతులో కోడీని తీసుకోవాలని మెర్విన్ పట్టుబట్టాడు. ఫెయిర్‌లీ పెదవి విరిచాడు.

"మోకాలు పోయిన కుర్రాడి మీద వంతు తగలేస్తావా మెర్విన్?"

"మోకాలికి ఏం కాలేదు సార్. ఆ మాట పుట్టించింది నేనే."

"నువ్వా?"

"మిగతావాళ్ళు వాడి జోలికి రాకుండా."

ఫెయిర్‌లీ ఫైలు తిరగేశాడు. "మూడు జట్లవాళ్ళు నాతో చెప్పారు. ఒకడికి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు కూడా తెలుసు. అది కూడా నువ్వే చెప్పావా?"

"లేదు సార్. నేను ఐసు అడిగానంతే."

"మరైతే నీకు తెలీనిది వాళ్ళకి తెలిసింది." ఫెయిర్‌లీ ఫైలు మూసేశాడు. "చూడు, నువ్వు ఊరంతా ఒకటి చెప్పి నాకింకోటి చెప్తున్నావు. ఈ రెంటిలో ఏది అబద్ధమో నేనెలా తేల్చుకోను?"



డ్రాఫ్టు రోజు ఓస్టాపిక్‌లు రింకు హాల్లో పెద్ద టీవీ పెట్టించారు. నదీన్ తెల్లవారకముందే లేచి బంగాళాదుంప కూరిన పెరోగీలు చేసింది. ఊరు ఊరంతా వచ్చింది. ఒక్కో జట్టు ఒక్కో పేరు చదువుతుంటే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు, తర్వాత ఉసూరుమంటూ ఓ పెరోగీ తినేవాళ్ళు. రెండో వంతు అయింది. మూడో వంతులో నార్తర్నర్స్ ఎవరో ఫిన్లాండ్ కుర్రాణ్ణి తీసుకున్నారు. అయిదో వంతు వచ్చేసరికి పెరోగీలు తినేవాళ్ళు లేరు. ఏడోది, ఆఖరిది, అయ్యాక టీవీ ఎవరు ఆపుతారా అని అందరూ చూశారు. కోడీయే లేచి ఆపాడు. తర్వాత ఒక్కడే కుర్చీలన్నీ మడిచి గోడకి ఆనించాడు. సాయం చెయ్యబోయినవాళ్ళని "పర్లేదు, నేను చేస్తా" అన్నాడు. వాళ్ళ నాన్న బయట ట్రక్కులో కూర్చుని లోపలికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆ సెప్టెంబరులో కోడీ మా ఊరి జట్టులో చేరలేదు. పొలంలో కోతలు అయ్యాక రింకులో పనికి కుదిరాడు. విరామంలో మంచును నున్నగా చేసే బండి నడిపేవాడు. తెల్లవారుజామున, పిల్లల స్కేటింగ్ తరగతులకు ముందు, ఎవరూ లేనప్పుడు, ఒక్కడే స్కేట్స్ వేసుకుని తిరిగేవాడు. నేను కాఫీ పెడుతూ చూసేదాన్ని. మోకాలు నొప్పి ఉన్నవాడు అలా తిరగడు.

ఒక రోజు పొద్దున్నే మెర్విన్ వచ్చాడు. చేతిలో ఫెయిర్‌లీ పంపిన కాగితం. డ్రాఫ్టులో ఎవరూ తీసుకోనివాడి చేత ఏ జట్టయినా చవగ్గా సంతకం పెట్టించుకోవచ్చు. మూడో వంతును పణంగా పెట్టనన్న ఫెయిర్‌లీ ఈ చవక బేరానికి మాత్రం సరేనన్నాడు. మెర్విన్ కంచె దగ్గర నిలబడి బండి ఆగేదాకా చూశాడు. నేను కాఫీ కప్పు తీసుకుని అటు వెళ్ళాను, ఆ సంభాషణ వినాలనే వెళ్ళాను.

"కోడీ, మా జట్టు నిన్ను అడుగుతోంది" అన్నాడు మెర్విన్.

"మోకాలు పోయినవాడితో ఏం పని థోర్సన్ గారూ?"

"నీ మోకాలికి ఏం లేదని నాకు తెలుసు. ఆ మాట అన్నది నేనే."

కోడీ బండి మీదే కూర్చుండిపోయాడు. "ఎందుకు?" అన్నాడు.

"నువ్వు నాకు దొరకాలని. నేను చూసినవాళ్ళలో నీలాంటివాడు లేడు. మిగతావాళ్ళు నిన్ను ఎగరేసుకుపోతారని భయమేసింది."

"మా నాన్న డాక్టరు మీద చెయ్యి చేసుకోబోయాడు, తెలుసా? నా గురించి ఏదో దాస్తున్నాడని. మా అమ్మ రాత్రిళ్ళు నేను నిద్రపోయాక వచ్చి నా మోకాలు తడిమి చూసేది." వాడి గొంతు పెరగలేదు. "ఇప్పుడు గొప్పవాణ్ణంటున్నారు. ఇది కూడా ఏదో పని మీదే అంటున్నారేమో, నాకేం తెలుసు?"

"ఏం చేస్తే నమ్ముతావు?"

"నాతో కాదు. అప్పుడు ఎవరితో చెప్పారో వాళ్ళతో చెప్పండి. అందరి ముందూ."

మెర్విన్ తల గోక్కున్నాడు. స్కౌటు నచ్చిన కుర్రాడి పేరు అందరి ముందూ చెప్పడమంటే తన చేతిలోని పేకముక్కలు బల్ల మీద పరిచెయ్యడమే. క్లిఫ్ ఆ సాయంత్రానికే పెద్ద బేరంతో ఓస్టాపిక్‌ల ఇంటికి వెళ్తాడు. వాళ్ళ జట్టుకి మెర్విన్ జట్టు కంటే రెండింతలు ఇచ్చే స్తోమతుంది. అయినా మెర్విన్ "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను అతని మీద కోపం సగం తగ్గించుకున్నాను.

శనివారం మొదటి విరామంలో స్కౌట్లంతా నా కౌంటరు చుట్టూ చేరారు. మెర్విన్ టోపీ తీశాడు. నేనతన్ని టోపీ లేకుండా చూడటం అదే మొదలు.

"ఓ మాట చెప్పాలి. ఓస్టాపిక్ కుర్రాడి మోకాలికి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. పోయిన చలికాలం నేనే కల్పించాను. వాడంత ఆటగాణ్ణి నేను ఈ పాతికేళ్ళలో చూడలేదు."

 క్లిఫ్ కప్పు కింద పెట్టి నవ్వడం మొదలెట్టాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు.

"అబ్బ! ముసలాడు ఈసారి కొత్త ఎత్తు వేశాడ్రా" అన్నాడు క్లిఫ్. "ఆ కుంటి గుర్రాన్ని నా చేత కొనిపిద్దామనా?"

"నిజం చెప్తున్నా క్లిఫ్. దేవుడి మీద ఒట్టు."

"ఒట్టు కూడానా! అయితే రెండు కాళ్ళూ పోయినట్టే." వాడు మెర్విన్ భుజం తట్టాడు. "నువ్వు నోరారా పొగిడినవాడు ఒక్కడైనా పైకొచ్చాడా? మంచి ప్రయత్నమేలే. ఇంకో కాఫీ పొయ్యి డోరీన్, మెర్విన్ పేరు చెప్పి తాగుతా."

మెర్విన్ ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. "నమ్మండ్రా. నాకేం లాభం? చెప్పండి, నాకేం లాభం?" అన్నాడు.  వాళ్ళు దానికి ఇంకా నవ్వారు. విరామం అయిపోయి అందరూ పైకి వెళ్ళిపోయారు. టోపీ చేతిలో పట్టుకుని అతనొక్కడే మిగిలాడు.

కోడీ తలుపు దగ్గర, చేతిలో మంచు గీకే పారతో, మొదట్నుంచీ నిలబడే ఉన్నాడు. దగ్గరికొచ్చాడు.

"నేను పోయిన చలికాలమంతా ఇలాగే చెప్పాను" అన్నాడు. "ఇలాగే నవ్వారు."

మెర్విన్ చేతిలో టోపీని తిప్పుతూ నిలబడ్డాడు.  నాకు అప్పుడు కోడీ కంటే అతని మీదే ఎక్కువ జాలేసింది, అది తప్పేమో నాకు తెలీదు.

"కాగితం ఇవ్వండి, సంతకం పెడతా" అన్నాడు కోడీ. "నాకు ఆడాలనుంది. ఇంకెవరూ అడగటం లేదు కాబట్టి మీకే. కానీ ఒక షరతు."

"చెప్పు."

"నేను ఆడేటప్పుడు మీరు చూడకూడదు. ఇక్కడా, అక్కడా, ఎక్కడా. మీరు పైన కూర్చున్నారంటే నా గురించి ఇంకేం చెప్తున్నారో అనే నా ధ్యాస ఉంటుంది."

ఒక స్కౌటుని అడగకూడని మాట అది.  మెర్విన్ జేబులోంచి పెన్ను తీసి వాడి చేతికిచ్చాడు. కోడీ నా కౌంటరు మీదే సంతకం చేశాడు.

ఆ తర్వాతి సంగతి ఊరందరికీ తెలిసిందే. ఫెయిర్‌లీ కొన్న, అమ్మిన, ఎంచుకున్నవాళ్ళలో కొందరు పనికొచ్చారు, కొందరు కొట్టుకుపోయారు. కోడీ ఒక ఏడాది చిన్న జట్టులో ఆడి, మరుసటి ఏడు పైకి వెళ్ళి, మూడో ఏటికల్లా జట్టుకి వెన్నెముకయ్యాడు. చొక్కాలు విసిరినవాళ్ళే అతని పేరున్న చొక్కాలు కొనుక్కున్నారు. క్లిఫ్ ఇక్కడికి వచ్చినప్పుడల్లా "నాకు చెప్పాడమ్మా, నా మొహం మీదే చెప్పాడు" అని తల పట్టుకుంటాడు. ఫెయిర్‌లీ ఆ కుర్రాణ్ణి కనిపెట్టింది తనేనన్నట్టు పేపర్లో మాట్లాడాడు. మెర్విన్ అది చదివి మడిచి పక్కన పెట్టాడు.

నార్తర్నర్స్ కప్పు కోసం ఆఖరి ఆట ఆడిన సాయంత్రం రింకు హాలు కిక్కిరిసిపోయింది. మెర్విన్ వచ్చి నా కౌంటరు ముందు, టీవీకి వీపు పెట్టి కూర్చున్నాడు. జట్టువాళ్ళు టిక్కెట్టు పంపారు, వెళ్ళలేదు. హాలంతా ఒక్కసారిగా లేచి అరిచింది. మెర్విన్ వేళ్ళు కాఫీ కప్పు చుట్టూ బిగుసుకున్నాయి. తల తిప్పలేదు.

"ఎవరు?" అన్నాడు.

"మనవాడే. తిరిగి చూడు, గోల్ మళ్ళీ చూపిస్తున్నారు."

"వద్దు."

"అబ్బా మెర్విన్, వాడక్కడ ఎక్కడో ఉన్నాడు. నువ్వు చూసిన సంగతి వాడికెలా తెలుస్తుంది? నేను చెప్పను, ఎవరూ చెప్పరు. చూడు!"

"మాటిచ్చాను డోరీన్."

నాకు ఒళ్ళు మండింది. "నీ మాటకి ఈ దేశంలో విలువిచ్చేవాడు ఎవడున్నాడు?" అనేశాను.

"ఎవడూ లేడు," అన్నాడు మెర్విన్. "అందుకే."

 హాల్లో అందరూ కౌగిలించుకుంటున్నారు. నదీన్ కుర్చీ ఎక్కి ఏడుస్తోంది. మెర్విన్ తలవంచుకుని, "నువ్వు చూసి చెప్పు. పక్ వచ్చేసరికి వాడెక్కడున్నాడు?" అని అడిగాడు. నేను కౌంటరు మీద మోచేతులు ఆనించి, టీవీలో ఆ గోల్ మళ్ళీ చూపిస్తుంటే, చూసింది చూసినట్టు అతనికి చెప్పడం మొదలుపెట్టాను.